తల్లి నెత్తుట తీపి... కడుపులో బిడ్డకు తుప్పు!

(మా గ్రామీణ విలేఖరి)

శ్రీకాకుళం: నాగలి కర్రు చాలులో నడుస్తున్నంత కాలం తళతళ మెరుస్తుంది. వానలో వదిలేస్తే నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది. తడి తగిలిన ఇనుమును అలా తినేసేది మరేదో కాదు, గాలిలోని ప్రాణవాయువే. అది లేకపోతే మనిషి నాలుగు నిమిషాలు బతకడం కష్టం. బతికించే గాలే తుప్పూ పట్టిస్తుందన్న మాట. మనిషి ఒంట్లో కూడా ఇలాంటి తుప్పు ఒకటి పడుతుందనీ, షుగరు జబ్బు ఉన్న గర్భిణీ స్త్రీలలో అది మరింత ఎక్కువనీ వైద్యశాస్త్రం చెబుతోంది. డాక్టర్లు దీన్ని 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అంటారు. తెలుగులో 'ఆక్సీకరణ ఒత్తిడి' అని రాస్తున్నారు.

పేరు పెద్దదే గాని సంగతి మన ఇళ్లలోదే. కోడలు నెల తప్పిందనగానే బలానికని టానిక్కు సీసా కొనే ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ఆ సీసాల మీద, బిళ్లల అట్టల మీద ఇప్పుడు 'యాంటీ ఆక్సిడెంట్' అన్న మాట తరచుగా కనిపిస్తోంది. అంటే ఈ తుప్పును వదిలించే మందు అని అర్థం. వందలు పోసి కొనే ఆ మందుతో నిజంగా తుప్పు వదులుతుందా? దీన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. వారు తేల్చిన విషయం ప్రతి గర్భిణీ, ఆమె అత్తగారూ, భర్తా తెలుసుకోవలసినది.

పదిమందిలో ఒకరికి

గర్భిణులలో షుగరు రెండు రకాలు. నెల తప్పక ముందు నుంచే జబ్బు ఉన్నవారు కొందరు. అంతకు ముందు ఏమీ లేకుండా, గర్భంతో పాటు వచ్చేది రెండో రకం. మన దేశంలో ఈ రెండో రకం షుగరు గర్భిణులలో 10 నుంచి 14.3 శాతం మందికి ఉంటుందని కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్గదర్శకాలు అంచనా చెప్పాయి. అంటే పదిమంది గర్భిణులు కూర్చుంటే అందులో కనీసం ఒకరికి ఉండవచ్చు.

కడుపులో బిడ్డకు ఆహారం అందించే మాయ కొన్ని హార్మోన్లను తయారు చేస్తుంది. నెలలు నిండే కొద్దీ ఇవి తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయి. బిడ్డకు తిండి కొరత రాకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. చాలామంది తల్లుల ఒంట్లో ఇన్సులిన్ ఆ మేరకు ఎక్కువగా తయారై సరిపోతుంది. అలా తయారు కాని వారి రక్తంలో చక్కెర పెరిగిపోతుంది.

చిక్కేమిటంటే, ఇది వచ్చినట్టు చాలామందికి తెలియనే తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. దాహం, నీరసం, మాటిమాటికి మూత్రం వంటివి కడుపుతో ఉన్నప్పుడు మామూలేనని సరిపెట్టుకుంటారు. రక్త పరీక్ష చేస్తేనే ఇది బయటపడుతుంది.

కట్టెలు ఎక్కువైతే పొగ

ఇక తుప్పు సంగతి. మన ఒళ్లంతా కోట్లాది కణాలు. ఒక్కొక్క కణంలో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయి. మనం తిన్న అన్నం చక్కెరగా మారి ఈ పొయ్యిల్లో ప్రాణవాయువుతో కలిసి మండితేనే శక్తి పుడుతుంది. పొయ్యిలోకి సరిపడా కట్టెలు పెడితే మంట చక్కగా వస్తుంది. ఎక్కువ దోపితే పొగ చూరుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువైనప్పుడు కణాల్లో జరిగేది దాదాపు ఇదే. అక్కడ పొగ బదులు 'ఫ్రీ రాడికల్స్' అనే పదార్థాలు పుడతాయి. ఇవి నిలకడ లేనివి. పక్కనున్న కొవ్వును, మాంసకృత్తులను, చివరకు వంశ లక్షణాలను మోసే డీఎన్‌ఏను కూడా తాకి దెబ్బ తీస్తాయి.

ఈ పొగ ఆరోగ్యవంతుల ఒంట్లోనూ కొంత పుడుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేసే కాపలాదార్లు కూడా ఒంట్లోనే ఉన్నారు. అలాంటి ముఖ్యమైన ఎంజైమును అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ 1969లో కనిపెట్టారు. దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. మనం తినే కూరగాయలు, పండ్లలోని సి, ఇ విటమిన్లు కూడా ఈ పనిలో చేయి కలుపుతాయి. కాపలా తక్కువై పొగ ఎక్కువైనప్పుడు వచ్చే స్థితే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

షుగరు జబ్బులో కళ్లు, మూత్రపిండాలు, నరాలు, రక్తనాళాలు ఎందుకు దెబ్బ తింటాయన్న ప్రశ్నకు న్యూయార్క్ శాస్త్రజ్ఞుడు మైకేల్ బ్రౌన్‌లీ, ఆయన సహచరులు ఈ దిశలోనే జవాబు వెతికారు. చక్కెర ఎక్కువైన కణాల పొయ్యిల్లో పుట్టే సూపరాక్సైడే ఆ నష్టాలకు ఒక ఉమ్మడి మూలమని చెప్పారు. వారి పరిశోధన 2000 సంవత్సరంలో 'నేచర్' పత్రికలో, దాని వివరణ 2001లో అదే పత్రికలో వచ్చాయి.

బిడ్డ మీద దెబ్బ

తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడిన చక్కెరను సర్దుకోవడానికి బిడ్డే తన ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారు చేసుకోవలసి వస్తుంది. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే ఈ సంగతి వివరించాడు. ఇన్సులిన్ ఎక్కువైన బిడ్డకు కొవ్వు పట్టి బరువు పెరుగుతుంది. 'బొద్దుగా ఉన్నాడు, దిష్టి తగులుతుంది' అని మనవాళ్లు ముచ్చటపడే బిడ్డల్లో కొందరి బరువుకు కారణం ఇదే. అలాంటి బిడ్డ కాన్పు సమయంలో భుజాల దగ్గర ఇరుక్కోవచ్చు. బొడ్డు తాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. ఒంట్లో ఇన్సులిన్ మాత్రం మిగిలి ఉంటుంది. అందుచేత పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడే బిడ్డలూ ఉంటారు.

నెల తప్పక ముందు నుంచే షుగరు ఉన్నవారి విషయంలో మరో ప్రమాదం ఉంది. గుండె, వెన్నుపాము, మెదడు వంటి అవయవాలు మొదటి రెండు నెలల్లోనే రూపు దిద్దుకుంటాయి. వెన్నుపాము గొట్టం పిండం ఏర్పడిన 28 రోజులకే మూసుకుపోవాలి. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడా తెలియదు. ఆ లేత పిండంలో పొగను శుభ్రం చేసే కాపలాదార్లు ఇంకా బలంగా ఉండరు. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఎరిక్సన్, బోర్గ్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక పిండాలను చక్కెర ఎక్కువగా ఉన్న ద్రావణంలో పెంచితే అవకరాలు వచ్చాయి. అదే ద్రావణంలో కాపలా ఎంజైములను కలిపితే పిండాలకు రక్షణ దొరికింది. 1991లో ప్రచురితమైన ఈ ప్రయోగం, చక్కెర చేసే కీడులో ఈ తుప్పుకు వాటా ఉందని చూపింది.

మాయలోని రక్తనాళాలకు కూడా ఈ దెబ్బ తగులుతుంది. షుగరు ఉన్న గర్భిణులలో రక్తపోటు పెరిగి, కాళ్లు చేతులు వాచి, మూత్రంలో మాంసకృత్తులు పోయే ప్రమాదం ఎక్కువ. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపు వాతం అనేది దీన్నే. తల్లి ప్రాణానికే ముప్పు తెచ్చే జబ్బు ఇది.

బిళ్ల మింగితే పోదా?

తుప్పే కారణమైతే తుప్పు వదిలించే విటమిన్లు మింగితే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. శాస్త్రజ్ఞులకూ అలాగే అనిపించింది. అందుకే పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు.

బ్రిటన్‌లో గుర్రపు వాతం ప్రమాదం ఎక్కువగా ఉన్న 2,410 మంది గర్భిణులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ 1,000 మిల్లీగ్రాముల సి విటమిను, 400 యూనిట్ల ఇ విటమిను ఇచ్చారు. రెండో జట్టుకు మందు లేని ఉత్తి బిళ్లలు ఇచ్చారు. 2006లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. జబ్బు రెండు జట్లలోనూ దాదాపు సమానమే. పైగా విటమిన్లు మింగిన జట్టులో తక్కువ బరువు బిడ్డలు ఎక్కువగా పుట్టారు.

షుగరు ఉన్నవారికైనా ఉపయోగపడుతుందేమోనని మరో పరీక్ష జరిగింది. చిన్న వయసులోనే వచ్చే మొదటి రకం మధుమేహం ఉన్న 762 మంది గర్భిణులకు అదే మోతాదులో, అదే పద్ధతిలో ఇచ్చి చూశారు. 2010లో 'లాన్సెట్'లోనే వెలువడిన ఈ ఫలితాల ప్రకారం విటమిన్లు మింగినవారిలో 15 శాతానికి, ఉత్తి బిళ్లలు మింగినవారిలో 19 శాతానికి ఆ జబ్బు వచ్చింది. ఈ పాటి తేడా కాకతాళీయంగానూ రావచ్చు గనుక విటమిన్లు పని చేశాయని చెప్పలేమని పరిశోధకులు తేల్చారు. మొదటి నుంచీ ఒంట్లో ఈ విటమిన్లు బాగా తక్కువగా ఉన్న కొద్దిమందిలో మాత్రం కొంత మేలు కనిపించింది. అలాంటి కొరత తీరడానికి ఆకుకూర, జామకాయ ఉన్నాయి. సీసాయే కావాలని లేదు.

బిళ్లలు ఎందుకు పని చేయలేదు? పొయ్యిలో కట్టెలు అలాగే దోపుతూ విసనకర్రతో పొగను తోలితే ఇల్లు తేటపడుతుందా? కట్టె వెనక్కి లాగాలి. ఇక్కడ కట్టె అంటే రక్తంలోని చక్కెర.

ఒక హెచ్చరిక. ఈ మాట విని ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్, కాల్షియం బిళ్లలు మానేయకూడదు. అవి వేరు, ఇవి వేరు. రక్తహీనతను ఆపేవి, బిడ్డ వెన్నుపామును కాపాడేవి ఆ బిళ్లలే. అవి ఉచితంగా వస్తాయి కదా అని చులకన చేసి అటక మీద పడేసేవారు ఇంకా ఉన్నారు.

కట్టె లాగితే ఫలితం ఉంది

చక్కెరను అదుపులో పెడితే మేలు జరుగుతుందనడానికి రుజువులు గట్టిగా ఉన్నాయి. గర్భంతో షుగరు వచ్చిన 1,000 మంది స్త్రీలతో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఒక జట్టుకు తిండి సలహాలు, ఇంట్లోనే చక్కెర చూసుకునే ఏర్పాటు, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చారు. రెండో జట్టుకు మామూలు సంరక్షణే జరిగింది. బిడ్డ చనిపోవడం, భుజం ఇరుక్కోవడం, ఎముక విరగడం, నరం దెబ్బ తినడం వంటి తీవ్రమైన నష్టాలు రెండో జట్టులో 4 శాతం ఉంటే, చికిత్స పొందిన జట్టులో 1 శాతమే.

తొమ్మిది దేశాల్లో దాదాపు 25 వేల మంది గర్భిణులను పరిశీలించిన మరో అధ్యయనం 2008లో వెలువడింది. తల్లి చక్కెర పెరిగే కొద్దీ బిడ్డకు బరువు, కొవ్వు పెరిగే అవకాశం మెట్టు మెట్టుగా పెరుగుతూ పోతుందని అది చూపింది. ఇంత వరకు భయం లేదు, ఇది దాటితేనే భయం అనే గీత ఎక్కడా స్పష్టంగా కనిపించలేదు. కాబట్టి 'నాకు కొంచెమే ఉంది' అని ఊరుకోవడానికి లేదు.

రెండు గంటల పరీక్ష

మన దేశంలో గర్భిణులకు చేసే షుగరు పరీక్ష చాలా సులువు. పరగడుపున రావలసిన పని కూడా లేదు. 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు, పది నిమిషాల్లో తాగేయాలి. రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 గాని, అంతకు మించి గాని ఉంటే గర్భంతో వచ్చిన షుగరు ఉన్నట్టే. తాగిన అరగంట లోపు వాంతి అయితే మరునాడు మళ్లీ చేయించుకోవాలి.

ఈ పరీక్ష రెండుసార్లు జరగాలి. మొదటిది, నెల తప్పి ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకున్న వెంటనే. అప్పుడు బాగుందని తేలినా 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరో నెల, ఏడో నెల ప్రాంతంలో మరోసారి చేయించుకోవాలి. షుగరు ఎక్కువగా బయటపడేది ఈ రెండో పరీక్షలోనే. మొదటిసారి బాగుందన్నారు కదా అని రెండోదానికి రాకపోతే అసలుకే మోసం వస్తుంది.

రెండు గంటలంటే వినడానికి తక్కువే. కాని పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల పనికి పోయే మహిళకు, పొలంలో నాట్లకు పోయే కూలీకి రానూపోనూ ప్రయాణంతో కలిపి ఒక పూట పని పోయినట్టే. అందుకే చాలామంది గ్లూకోజు తాగకుండా, వేలి మీద ఒక్క చుక్క రక్తం ఇచ్చి వెళ్లిపోవాలని చూస్తారు. గ్లూకోజు తాగకుండా చూసిన అంకె ఈ పరీక్షకు బదులు కాదు. భర్తగాని, అత్తగారు గాని ఆ ఒక్క పూట తోడు వచ్చి కూర్చుంటే ఆమెకు ధైర్యంగా ఉంటుంది.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు చేత ఉచితంగా పరీక్షలు చేయించే కార్యక్రమం 2016 నుంచి దేశమంతటా నడుస్తోంది. ఆ రోజున 'నాకు గ్లూకోజు పరీక్ష అయిందా?' అని ఏఎన్‌ఎంను గాని, ఆశా కార్యకర్తను గాని నోరు తెరిచి అడగాలి. అడగడంలో తప్పు లేదు. అది గర్భిణి హక్కు.

కంచంలో మందు

షుగరు ఉందని తేలితే మొదట ఇచ్చేది మందు కాదు, తిండి సలహా. రెండు వారాలు తిండి మార్చి, రోజూ అరగంట నడిచి చూడాలి. భోజనం చేసిన రెండు గంటలకు చక్కెర 120 లోపు ఉంటే అలాగే కొనసాగించాలి. తగ్గకపోతే డాక్టరు మెట్‌ఫార్మిన్ బిళ్లలు గాని ఇన్సులిన్ గాని మొదలుపెడతారు.

'ఇద్దరి తిండి తినాలమ్మా' అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కాని ఇద్దరి అన్నం ఒకేసారి కంచంలో పెట్టకూడదు. అదే తిండిని మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లుగా పంచుకోవాలి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు అన్నం గాని చోడి, గంటి వంటి చిరుధాన్యాలు గాని ఉండాలి. మిగతా పావు పప్పు, గుడ్డు, చేప. చోడి మంచిదే. కాని బాగా ఉడికించి పల్చగా తాగే అంబలి తొందరగా చక్కెరగా మారుతుంది. అందులో బెల్లం వేస్తే ఇక చెప్పనక్కర లేదు. పొయ్యి పొగను శుభ్రం చేసే విటమిన్లు మన పెరట్లోనే ఉన్నాయి. ఉసిరి, జామకాయల్లో సి విటమిను, వేరుశనగ గింజల్లో ఇ విటమిను దొరుకుతాయి. తోటకూర, మునగాకు కూడా ఇలాంటి మేలే చేస్తాయి. రసం తీసి తాగే కంటే పండును కొరికి తినడం మేలు.

సీమంతాలు, చలిమిడి పెట్టే వేడుకలు మానమని ఎవరూ అనరు. పుట్టింటివారు తెచ్చిన చలిమిడి శాస్త్రానికి ఒక చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది ముత్తయిదువులకు పంచితే వేడుకకూ లోటు లేదు, ఒంటికీ చేటు లేదు.

మన జిల్లాలో చెప్పుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర పల్లెల్లో స్త్రీలకు తరాలుగా ఉంది. పొగాకు పొగ అంటేనే ఫ్రీ రాడికల్స్ మూట. గర్భిణి కాల్చకూడదు సరే, ఆమె ఉన్న గదిలో ఇంకొకరు కూడా కాల్చకూడదు. కట్టెల పొయ్యి పొగకూ ఆమెను దూరంగా ఉంచాలి.

సూదికి భయం వద్దు

ఇన్సులిన్ మొదలుపెడితే జన్మంతా పొడిపించుకోవాలన్న భయం, బిడ్డకు చెడుపన్న భయం చాలామందిలో ఉన్నాయి. రెండూ సరికావు. సూదిలో ఇచ్చే ఇన్సులిన్ బిడ్డకు చేటు చేయదు. గర్భంతో వచ్చిన షుగరు అయితే కాన్పు తర్వాత చాలామందికి ఇన్సులిన్ ఆపేస్తారు. ఇన్సులిన్ తీసుకునేవారు వేళకు తినడం ముఖ్యం. చెమటలు పట్టి, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, ఏమైనా తినాలి. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

ముందు నుంచే షుగరు ఉన్న కోడళ్లు, కూతుళ్లు నెల తప్పాక కాదు, బిడ్డను కోరుకున్నప్పుడే డాక్టరును కలవాలి. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్షలో అంకెను డాక్టరు చెప్పిన మేరకు, వీలైతే 6.5 శాతం లోపునకు తెచ్చుకుని ఆ తర్వాత గర్భం దాల్చడం క్షేమం.

కాన్పుతో కథ ముగియదు

బిడ్డ పుట్టిన గంట లోపే తల్లి పాలు పట్టాలి. బిడ్డ చక్కెర పడిపోకుండా కాపాడే మొదటి ఔషధం అదే. ఆరు వారాలకు తల్లి మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాలి. గర్భంలో షుగరు వచ్చిన స్త్రీలకు తర్వాతి కాలంలో మధుమేహం వచ్చే అవకాశం మిగతావారి కంటే ఏడు రెట్లు ఎక్కువని 2009లో 'లాన్సెట్'లో వచ్చిన ఒక సమీక్ష లెక్క కట్టింది. బాలింత పనుల్లో, పిల్లవాడి టీకాల సందడిలో తల్లి తన పరీక్ష మరచిపోతుంది. పిల్లవాడికి ఆరు వారాల టీకా వేయించే రోజునే తనకూ పరీక్ష అని గుర్తు పెట్టుకుంటే మరుపు రాదు. ఆ తర్వాత ఏడాదికొకసారి చూపించుకుంటూ ఉండాలి.

గ్లూకోజు పొట్లాలు, పరీక్ష పట్టీలు ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఎప్పుడూ నిల్వ ఉండేలా అధికారులు చూడాలి. గ్లూకోజు తాగిన గర్భిణులు ఆ రెండు గంటలూ కూర్చునేందుకు నీడ, బల్లలు, మంచినీళ్లు ఏర్పాటు చేయాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇంటివారు చేయవలసింది ఇంకా చిన్నది. టానిక్కుకు తీసి ఉంచిన డబ్బుతో గుడ్లు, ఆకుకూరలు, జామకాయలు కొనండి. వచ్చే 9వ తేదీన మీ ఇంటి గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ రెండు గంటలు పక్కన కూర్చోండి.